జీవాల వెంట పంపాలా, హాస్టలుకు పంపాలా?

కడప జిల్లాలో లంకమల కొండల వారన ఉన్న ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆమెది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకున్నారు. ఇద్దరు పిల్లలు. బాబుకు పన్నెండేళ్లు, పాపకు ఎనిమిది. పాపకు పుట్టుకతోనే చూపు లేదు. కంటి లోపలి పొర పనిచేయడం లేదనీ, అద్దాలతో గానీ ఆపరేషనుతో గానీ వచ్చే చూపు కాదనీ డాక్టర్లు చెప్పారు. వెలుగు ఎటువైపు ఉందో మాత్రం కొంచెం తెలుస్తుందట.

నాలుగేళ్ల వయసు నుంచి ఆ పాప జేజినాయన (తండ్రికి తండ్రి) వెంట జీవాల్లో తిరిగింది. బెరడు తడిమి అది వేపో, చింతో, కానుగో చెప్పేది. ముందు నడిచే మేక మెడలో గంటను బట్టి మంద ఎటు మళ్లిందో జేజినాయన కంటే ముందే పసిగట్టేది. పోయిన మార్గశిరంలో వంక దాటుతుండగా కాలు జారి బండరాతి మీద పడింది. మోకాలి కింద చీలి కుట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి తండ్రి పాపను బడికి తప్ప గడప దాటనివ్వడం లేదు. తండ్రీ జేజినాయనా మాట్లాడుకోవడం మానేశారు. మేకలను అమ్మేసి, జూన్‌లో పాపను దూరపు పట్నంలోని అంధుల వసతి పాఠశాలలో చేర్చాలని తండ్రి పట్టుబడుతున్నారు. ఊరి బడిలో పాపను కూర్చోబెడుతున్నారే గానీ, రాత నేర్పడం తమ వల్ల కాదని చెప్పేశారు. చెల్లెలిని రోజూ బడికి చేయి పట్టుకుని తీసుకువెళ్లే బాబు ఒకరోజు, "పెద్దయినాక కూడా దీన్ని నేనే చూసుకోవల్నా?" అని అడిగి ఏడ్చాడు. అత్తగారు, గ్రహణం పూట కడుపుతో బయటికి రావడం వల్లే ఇలా జరిగిందని ఇప్పటికీ అంటారు. పాప ఇప్పుడు బడి లేని పొద్దంతా అరుగు మీద కూర్చుని, పిడికిళ్లతో కళ్లు నొక్కుకుంటూ ముందుకూ వెనక్కూ ఊగుతోంది. "కొండ ఎంతుంటుందమ్మా, నాయన చెయ్యెత్తితే అందుతుందా?" అని పాప అడిగితే జవాబు చెప్పలేక లోపలికి వెళ్లి ఏడ్చానని ఆ తల్లి రాశారు. బిడ్డను హాస్టలుకు పంపాలా, మళ్లీ జేజినాయన వెంట పంపాలా, తాను చూస్తున్న లోకాన్ని చూపు లేని బిడ్డకు ఎలా చెప్పాలి, ఇదంతా నిజంగా తన వల్లే జరిగిందా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీరు చివర అడిగినదానికి ముందు జవాబిస్తాను. ఆ నింద మీ మీద ఉన్నంతకాలం మిగిలిన విషయాల్లో మీ మాటకు ఇంట్లో బలం ఉండదు. మీ బిడ్డకు చూపు లేకపోవడానికి గ్రహణం కారణం కాదు. పుట్టుకతోనే రెటీనా, అంటే ఆ కంటి లోపలి పొర, పనిచేయని జబ్బుల్లో చాలావాటికి జన్యువులోని లోపమే మూలం. దాదాపు ప్రతి జన్యువూ మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు ప్రతులు వస్తాయి. ఈ జబ్బుల్లో ఎక్కువవాటికి ఒక ప్రతి చెడినా రెండోది పని నడిపిస్తుంది కాబట్టి ఆ మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు, తనలో లోపం ఉన్నదని కూడా తెలియదు. భార్యాభర్తలిద్దరిలోనూ అదే జన్యువు ఒక్కో ప్రతి చెడి ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ చెడినవే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మీరూ మీ భర్తా ఒకే అవ్వాతాతల సంతానపు బిడ్డలు. వారిలో ఒకరి నుంచి అది మీ నాన్నగారి ద్వారా మీకూ, మీ అత్తగారి ద్వారా మీ భర్తకూ దిగివచ్చి ఉండవచ్చు. నిందను అత్తగారి వైపు మళ్లించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆమె కూడా తెలియకుండా మోసినదే. ఇద్దరి నుంచీ సమానంగా వచ్చినదానికి ఒక్కరిని దోషిని చేయడం అన్యాయమని మాత్రమే చెబుతున్నాను.

మీ పాప విషయంలో ఇదే జరిగిందా అన్నది పరీక్ష చేసి డాక్టరు తేల్చాలి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి పెద్ద సంస్థలలో ఇందుకు సలహా దొరుకుతుంది. చూపు తిరిగిరాని వారికి రోజువారీ బతుకులో తోడ్పడే విభాగమూ అక్కడ ఉంది. మీరు మరో బిడ్డను కనాలనుకున్నా, రేపు మీ బాబుకు దగ్గరి సంబంధం చూడాలనుకున్నా ఈ పరీక్ష అవసరపడుతుంది. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు లోపానికి జన్యు చికిత్సను 2017లో అమెరికాలో అనుమతించారు. ఆ ఒక్కటీ తప్ప మిగిలిన చాలా లోపాలకు చికిత్స ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. కాబట్టి ఏ జన్యువో తెలుసుకోవడం మంచిదే గానీ, ఆ ఆశ మీద బిడ్డ చదువును ఒక్క నెల కూడా ఆపకండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వీలైతే అత్తగారిని వెంట తీసుకువెళ్లండి. మీరు వాదించి గెలిస్తే ఆమె నొచ్చుకుంటుంది, డాక్టరు నోట వింటే ఆలోచిస్తుంది.

ఇక మీ ఇంట్లో జరిగినదాన్ని కొంచెం విడదీసి చూద్దాం. పాప కాలికి గాయమైంది, దాని మీద బడి విషయం తేల్చేశారు. ఈ రెండింటికీ నిజానికి సంబంధం లేదు. జేజినాయన వెంట ఎలా పంపాలి, ఏ జాగ్రత్తలతో పంపాలి అన్నది ఒక ప్రశ్న. అక్షరాలు ఎక్కడ నేర్చుకోవాలి అన్నది మరొకటి. మీ భర్త భయంలో ఈ రెండూ కలిసిపోయి, మేకలు అమ్మడమూ హాస్టలులో చేర్చడమూ ఒకే నిర్ణయమైపోయాయి. ఆయనను తప్పు పట్టడానికి నాకు మనసు రావడం లేదు. నెత్తురోడుతున్న బిడ్డను చేతుల మీద మోసుకుపోయిన తండ్రి ఆయన. పైగా పాపకు చదువు కావాలని ఇంట్లో అందరికంటే గట్టిగా అంటున్నది ఆయనే. ఆ మాటలో ఆయన పూర్తిగా సరైనవారు. జేజినాయన ఇచ్చినదీ చిన్నది కాదు. ఆయన నాలుగేళ్లపాటు ఆ బిడ్డ కాళ్లకూ చేతులకూ చెవులకూ నేర్పిన పాఠాన్ని బడిలో తిరిగి నేర్పాలంటే చాలా కష్టం. వాళ్లిద్దరూ ఒకరికొకరు ఎదురు నిలబడి ఉన్నారని మీకు అనిపిస్తోంది గానీ, బిడ్డకు వారిద్దరూ ఇస్తున్నవి రెండూ కావాలి. ఈ గొడవలో పోగొట్టుకున్నది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.

కళ్లు నొక్కుకోవడం గురించి మీరు చాలా కంగారుపడ్డారు. పుట్టుకతో రెటీనా జబ్బు ఉన్న పిల్లల్లో ఈ అలవాటు తరచుగా కనిపిస్తుంది. నొక్కినప్పుడు కంటిలో మెరుపులాంటి అనుభూతి కలుగుతుంది. చేతికీ చెవికీ పని లేని పిల్లకు అదొక కాలక్షేపం. ఏళ్ల తరబడి గట్టిగా నొక్కితే కళ్లు గుంటలు పడే ప్రమాదం ఉంది కాబట్టి పట్టించుకోవలసిందే. తిట్టినా, చేయి లాగేసినా అది తగ్గదు, సిగ్గు పెరుగుతుంది. చేతుల్లో పని పెట్టండి. శెనక్కాయలు ఒలవడం, పెసలు చెరగడం, పిండి కలపడం, మేకపిల్లకు ఆకు తినిపించడం, ఏదైనా సరే. మార్గశిరం ముందు ఈ అలవాటు ఇంతగా లేదని మీరే రాశారు. అరుగు మీద కూర్చోబెట్టడం వల్ల బిడ్డ భద్రంగా ఉన్నదని అనుకుంటున్నాం, ఆ కూర్చోవడంలోనే ఆమె తరిగిపోతోంది. ఈ మాట మీ భర్తకు నెమ్మదిగా చెప్పవలసిన బాధ్యత మీది.

మేకల సంగతికి వస్తాను. చూపున్న పిల్లలూ వంకల్లో జారిపడతారు, మోకాళ్లు చీల్చుకుంటారు; వారిని మనం ఏడాదంతా ఇంట్లో కట్టిపెట్టం. అయినా మీ భర్త భయం ఊరికే పుట్టినది కాదు. మీ వైపు చిట్టడవిలో రక్తపింజర ఉంది, తేళ్లు ఉన్నాయి, తుమ్మ ముళ్లు ఉన్నాయి. అందువల్ల పంపితే కొన్ని కట్టుబాట్లతో పంపాలి. చెప్పులు కాదు, కాలు మొత్తం మూసే బూట్లు వేయాలి. రాళ్ల సందుల్లో, పొదల మొదట్లో, పుట్టల దగ్గర చేయి పెట్టకూడదని, ముందు కర్రతో తట్టి చప్పుడు చేయాలని నేర్పాలి. పొద్దు గూకకముందే ఇల్లు చేరాలి. జేజినాయన దగ్గర ఛార్జింగు ఉన్న ఫోను ఉండాలి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, మంత్రం వేయించడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. జేజినాయనకు డెబ్బై దాటాయని రాశారు. కాబట్టి ఎంతదూరం అన్నది పాప ఓపికతోపాటు ఆయన ఓపికనూ చూసి పెట్టుకోవాలి. ఊరు కనిపించేంత దూరంలో వారానికి రెండు పూటలతో మొదలుపెడితే మీ భర్తకు ఒప్పుకోవడం తేలిక అవుతుంది.

తెల్ల కర్ర ఇంతవరకు ఇవ్వలేదని, ఇస్తే ఊరంతా గుడ్డిపిల్ల అంటారని మీ భర్త అన్నట్టు రాశారు. ఊరికి ఆ సంగతి ఎనిమిదేళ్లుగా తెలుసు. కర్ర లేకపోవడం వల్ల తెలియకుండా పోతున్నది ఎదుట గుంత ఉందా, రాయి ఉందా అన్న సంగతి మాత్రమే, అదీ మీ పాపకు. కర్ర పొడవు పిల్ల ఎత్తును బట్టి ఉండాలి, ఏటేటా మార్చాలి, దాన్ని ఎలా ఆడించాలో తెలిసినవారి దగ్గర నేర్చుకోవాలి. ఆ రోజు పాప చేతిలో కర్ర ఉండి ఉంటే గాయం తప్పేదని నేను చెప్పలేను. వంక అంచు ఎక్కడ తెగిందో మాత్రం ఆమెకు ముందే తెలిసేది.

మీ భర్తకు ఒక్క మాట. ఒక ఆదివారం ఆయన కూడా జీవాల వెంట వెళ్లాలి, పాప వెనక పదడుగుల దూరంలో నడవాలి, పడబోతే తప్ప పట్టుకోకూడదు. కొందరు తమ కళ్లకు గంతలు కట్టుకుని బిడ్డ లోకం ఇలా ఉంటుందని తెలుసుకోవాలనుకుంటారు. అది వద్దు. ఉన్నట్టుండి చూపు పోయిన మనిషి తడబాటు మాత్రమే దాని వల్ల తెలుస్తుంది, ఎనిమిదేళ్లుగా చూపు లేకుండా బతుకుతున్న పిల్ల నేర్పు తెలియదు. ఉన్న భయం ఇంకా పెరుగుతుంది.

లోకాన్ని ఎలా చెప్పాలి అన్న మీ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగాలి. చూపు లేని పిల్లలకు చేతికి అందేదంతా తెలుస్తుంది. అందనిది తెలియదు. కొండ మరీ పెద్దది, చీమ మరీ చిన్నది, చుక్క మరీ దూరం, నిప్పు ముట్టుకోరానిది, ఎగిరే పిట్ట నిలవనిది. ఇటువంటివాటి గురించి పిల్లలు మన మాటలు విని చక్కగా మాట్లాడతారు, కానీ ఆ మాటల వెనక ఉన్న వస్తువు వారి చేతిలో ఉండదు. మీ పాప కొండ గురించి అడిగిన ప్రశ్న ఎంతో తెలివైనది. తన దగ్గరున్న పెద్ద కొలత నాయన చెయ్యి, దానితో కొలిచింది. జవాబు మీరు ఏడుస్తూ వెతకనవసరం లేదు, లంకమల మీ ఇంటి వెనకే ఉంది. ఒక ఉదయం చిన్న గుట్టనైనా అందరూ కలిసి ఎక్కండి. కాలి కింద నేల ఎంతసేపు ఎత్తుగా లేస్తూనే ఉందో, పైకి పోయేకొద్దీ గాలి ఎలా మారిందో, కింద ఊరి కోళ్ల కూతలు ఎంత సన్నబడ్డాయో, బండ ఎదుట నిలబడి అరిస్తే గొంతు ఎలా తిరిగి వచ్చిందో ఆమె ఒంటికి తెలుస్తుంది. ఇంటికి వచ్చాక తడిమట్టితో ఆ గుట్టను చేసి, మొదట్లో ఒక శెనగగింజను మీ ఇల్లుగా పెట్టండి. చెయ్యెత్తితే అందుతుందా అన్నదానికి ఆమే మీకు జవాబు చెబుతుంది.

పిట్ట కూడా అలాగే. కూత మాత్రమే విన్న పిల్లకు పిట్ట అంటే గాలిలో తేలే ఒక చప్పుడు. ఇంటి కోడిపెట్టను ఒడిలో పెట్టి, రెక్క విప్పి, ఈక మొదలు నుంచి కొన దాకా వేళ్లు పోనివ్వండి. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో చూడనివ్వండి. ఆ తర్వాత కోయిల దీనికంటే ఎంత చిన్నదో, నెమలి ఎంత పెద్దదో చెబితే ఆ మాటకు ఆధారం ఉంటుంది. ఏదైనా చూపించేటప్పుడు ఆమె చేతిని పట్టి లాగి వస్తువు మీద పెట్టకండి. మీ చేయి వస్తువు మీద ఉంచి, ఆమె చేతిని మీ చేతి మీద పెట్టుకోనివ్వండి. అక్కడి నుంచి తనకు ఇష్టమైనప్పుడు వస్తువు మీదికి జారుతుంది. వేళ్లే ఆమెకు కళ్లు కాబట్టి వాటిని చెప్పకుండా పట్టి లాగితే పిల్ల బెదురుతుంది.

రంగులు అడిగితే ఎరుపంటే వేడి, నీలమంటే చల్లదనం అని కథలు చెప్పకండి. రంగును బట్టి మేము కాయ పండిందో లేదో తెలుసుకుంటాము, నువ్వు వాసనతో, మెత్తదనంతో తెలుసుకుంటావు అని ఉన్నది చెప్పండి. చుక్కల గురించి అడిగితే వాటిని ఎవరూ తాకలేరని, చూపున్నవాళ్లం కూడా వాటి దూరాన్ని లెక్కలు కట్టినవారి మాట విని నమ్ముతున్నామని చెప్పండి. చేనులో మీ భర్తకు మంచి అవకాశం ఉంది. గొర్రు తోలిన చేనులో చాలు పట్టుకుని నడిస్తే పాప తప్పిపోదు. చాలు మొదలు నుంచి చివరి దాకా నాయన వెంట నడిస్తే చేను ఎంత ఉందో ఆమెకు తెలుస్తుంది. శెనక్కాయ పీకేటప్పుడు ఒక చెట్టును వేర్లతో, కాయలతో, మట్టితో సహా చేతికివ్వండి. పువ్వు పైన పూసి కాయ నేలలో కాస్తుందన్నది చూపున్న పట్నపు పిల్లలకే తెలియదు, ఆమెకు తెలుస్తుంది.

చూపు లేనివారికి చెవి, ముక్కు దేవుడు రెట్టింపు ఇస్తాడని మీ ఊరివాళ్లు అంటారని రాశారు. చెవి అందరిదీ ఒకటే. ఆ పిల్ల దాన్ని రోజూ పనిలో పెట్టి సాధించింది. ఆ సాధన ఆగితే ఆ నేర్పూ మందగిస్తుంది కనుకనే అరుగు మీద గడిచే నెలల గురించి నేను ఇంతగా చెబుతున్నాను. మీ పక్కనే ఉన్న కలివికోడిని తలుచుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986 జనవరిలో మీ జిల్లాలోని రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. రాత్రి తిరిగే పక్షి కావడంతో ఆ తర్వాత శాస్త్రజ్ఞులు మునిమాపువేళ దాని కూత వినిపించి, బదులు కూత కోసం చెవులు రిక్కించి వెతికారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరచి కాలి గుర్తుల కోసం చూశారు. మీ అడవి గురించి తెలుసుకోవడానికి కళ్లున్నవారికి కూడా చెవులే దిక్కయిన సందర్భం అది. గీరత్ వెర్మే అనే ఆయన 1946లో నెదర్లాండ్స్‌లో పుట్టి, మూడేళ్లకే చూపు పోగొట్టుకుని, అమెరికాలో పెరిగి గుల్లలను పరిశోధించే గొప్ప శాస్త్రజ్ఞుడయ్యారు. నాలుగో తరగతిలో టీచరు తెచ్చిన సముద్రపు గుల్లలను తడిమి, వెచ్చటి సముద్రాలవి ఎందుకింత నగిషీగా ఉన్నాయని ఆశ్చర్యపోవడంతో ఆయన దారి మొదలైంది. పీతల దాడికి గుల్ల పగిలి మళ్లీ అతుక్కున్న మచ్చలను వేళ్లతో చదివి ప్రాణుల చరిత్ర రాశారు. మీ పాప శాస్త్రజ్ఞురాలు కావాలని ఈ మాట చెప్పడం లేదు. వేళ్లతో తెలుసుకునేది తక్కువ రకం తెలివి అన్న అనుమానం మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే అది పోవాలని చెబుతున్నాను.

వీలైతే ఒకసారి ఇంటిల్లిపాదీ కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమానుకు వెళ్లిరండి. దాదాపు ఐదెకరాల్లో విస్తరించిన ఆ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. దాన్ని ఒక్కచోట నిలబడి పూర్తిగా చూడటం కళ్లున్నవారికీ సాధ్యం కాదు. ఊడ నుంచి ఊడకు చేత్తో తాకుతూ నడిచి తెలుసుకోవలసిందే. అక్కడ మీ పాప ఎవరికంటేనూ వెనకబడదు.

మీ బాబు గురించి అందరూ తక్కువ మాట్లాడుతున్నారు. వాడు అడిగిన ప్రశ్న స్వార్థం కాదు. పన్నెండేళ్ల వాడికి, "మేము పోయినాక దానికి నువ్వే దిక్కు" అన్న మాట ఎవరో అని ఉంటారు, పెద్దవాళ్లు తెలియకుండానే అంటారు. ఆ మాట ఇంట్లో ఇక వినపడకూడదు. చెల్లెలు చదువుకుని తన కాళ్ల మీద తాను నిలబడాలని మనం పాటుపడుతున్నాం, నీ బతుకు నీది అని మీ భర్త వాడికి విడిగా చెప్పాలి. బడికి తీసుకువెళ్లే పని వారంలో కొన్ని రోజులు మీరో అత్తగారో తీసుకోండి, వాడి ఆట వాడికి వదలండి. చెల్లెలితో పని కాకుండా ఆట ఏదైనా కలిపించండి. ఫోనులో పిట్టల కూతలు రికార్డు చేసి, ఏది కౌజో ఏది పూరేడో పందెం వేసుకోమనండి; ఆ పందెంలో చెల్లెలు గెలుస్తుంది, వాడికి ఆమె మీద జాలికి బదులు అసూయ కలుగుతుంది. అన్నాచెల్లెళ్ల మధ్య అంతమాత్రపు అసూయ ఉంటే నాకు సంతోషం.

ఇక చదువు. ఇక్కడ మీకు మూడు దారులున్నాయి. ఏది ఎంచుకోవాలన్నది మీరూ, మీ భర్తా, పాపా తేల్చుకోవలసిన విషయం. ఒక్కోదాని మంచిచెడ్డలు చెబుతాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు దగ్గరి బడిలో గానీ, వారు కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపి తెలిసిన టీచర్లను నియమించే బాధ్యతనూ అదే చట్టం ప్రభుత్వం మీద పెట్టింది. కాబట్టి ఊరి బడి వారు మా వల్ల కాదని అంటే అక్కడితో మాట ముగిసిపోదు. మీ మండలంలోని భవిత కేంద్రానికి వెళ్లి, ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే టీచర్లను కలిసి, మండల విద్యాధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం ధ్రువపత్రం ఇంకా తీసుకోకపోతే ముందు అది తీసుకోండి. పింఛనుకూ, పరీక్షల్లో రాసిపెట్టే మనిషినీ అదనపు సమయాన్నీ అడగడానికీ అదే ఆధారం.

ఊరి బడిలోనే ఉంచితే పాపకు ఇల్లు, జేజినాయన, మేకలు, అన్న, తెలిసిన దారులు అన్నీ మిగులుతాయి. ఊరి పిల్లలు ఆమెతో కలిసి పెరుగుతారు, రేపు ఆమెను ఊరు తన మనిషిగా చూస్తుంది. చిక్కల్లా బ్రెయిలీ. భవిత టీచరు ఎన్ని రోజులు రాగలరో, ఎంత నేర్పగలరో దాని మీద అంతా ఆధారపడి ఉంటుంది. వినడం ద్వారా మాత్రమే చదివిన పిల్లకు కథ తెలుస్తుంది, అక్షరక్రమం తెలియదు, తానుగా చదువుకునే స్వేచ్ఛ రాదు. ఈ దారి పడితే మీరు కూడా బ్రెయిలీ నేర్చుకోవాలి. భయపడకండి. ఆరు చుక్కల గడి అది. మొదటి చుక్క ఒక్కటే ఉంటే అ, మొదటిదీ మూడోదీ ఉంటే క. మన దేశపు భాషలన్నిటికీ కలిపి చేసిన భారతీ బ్రెయిలీలో తెలుగూ ఉంది. మీరు కళ్లతోనే చదవవచ్చు. గుడ్ల అట్టలో ఆరు గుంతలు కత్తిరించి, చింతపిక్కలు వేసుకుంటూ ఇద్దరూ కలిసి ఆటలా మొదలుపెట్టవచ్చు.

వసతి పాఠశాలలో బ్రెయిలీ, లెక్కలు, కర్ర నడక అన్నీ తెలిసినవారు రోజూ నేర్పుతారు. అంతకంటే ముఖ్యంగా, తనలాంటి పిల్లలు ఉంటారు. మీ పాప ఇంతవరకు చూపు లేని మరో పిల్లను కలవలేదని రాశారు. లోకంలో తాను ఒక్కతే ఇలా ఉన్నానన్న భావం పోవడం ఎంత పెద్ద ఊరటో మనకు తెలియదు. ఇక నష్టం సంగతి. ఎనిమిదేళ్లకే ఇల్లు వదిలిన పిల్ల సెలవులకు వచ్చే చుట్టంలా మారే ప్రమాదం ఉంది. ఊరి దారులు మరచిపోతుంది, ఊరు ఆమెను మరచిపోతుంది. గాయమైన వెంటనే పంపితే, పడినందుకు తనను ఇంటి నుంచి పంపేశారని అనుకుంటుంది. ఏ పాఠశాలైనా ముందు మీరు వెళ్లి చూడాలి. రాత్రిపూట ఆడపిల్లల దగ్గర ఎవరుంటారు, తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చునా, పిల్లలు బయట మట్టిలో ఆడతారా అని అడగండి. జవాబు చెప్పడానికి తడబడే చోట చేర్చవద్దు.

మూడోది, కొంతకాలం ఇక్కడ, తర్వాత అక్కడ. ఐదో తరగతి దాకా ఊళ్లో ఉంచి బ్రెయిలీ, కర్ర గట్టిగా నేర్పి, ఆరో తరగతికి వసతి పాఠశాలకు పంపవచ్చు. అప్పటికి తన బట్టలు తాను ఉతుక్కునే వయసు, బాధ కలిగితే ఫోనులో చెప్పగలిగే ధైర్యం వస్తాయి. లేదా తిరగేసి, ముందు రెండేళ్లు అక్కడ అక్షరాలు పట్టుబడ్డాక ఊరికి తెచ్చుకోవచ్చు. అనంతపురం జిల్లాలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఏళ్లుగా వికలాంగ పిల్లలకు చదువు చెబుతోంది. పొరుగు జిల్లా కాబట్టి అక్కడికి ఒకసారి వెళ్లి విచారించండి. నా మనసులోని మాట అడిగితే, భవిత టీచరు వారంలో కనీసం రెండు మూడు రోజులు నేర్పగలిగితే ఈ రెండు మూడేళ్లూ ఇంట్లో ఉంచమంటాను. అది కుదరకపోతే మీ భర్త చెప్పినట్టు వసతి పాఠశాలే మేలు, అక్షరం లేకుండా పిల్లను ఇంట్లో పెట్టుకోవడం ప్రేమ కింద లెక్కకు రాదు. ఎక్కడ చదివినా సైన్సు, లెక్కలు వద్దనే మాటకు ఒప్పుకోకండి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని ఇంటర్‌లో సైన్సు ఇవ్వనంటే, న్యాయస్థానానికి వెళ్లి మరీ చదివి, తర్వాత అమెరికాలోని ఎంఐటీ అనే పేరుపొందిన విశ్వవిద్యాలయంలో చేరారు.

ఏ దారి పట్టినా జూన్ వరకు ఆగి ఒక్కరోజులో చెప్పకండి. పాపను వెంటబెట్టుకుని ఆ పాఠశాల చూపించండి. అక్కడి గోడలు, మంచాలు, పంపు, చెట్టు ఏదైనా ఉంటే ఆ చెట్టు తడమనివ్వండి, అక్కడి పిల్లలతో ఒక పూట గడపనివ్వండి, తర్వాత ఆమెను అడగండి. ఎనిమిదేళ్ల పిల్ల చెప్పినదే శాసనం కానక్కరలేదు, కానీ ఆమెను అడగకుండా తేల్చకూడదు. మేకల అమ్మకం కనీసం ఆ మాట తేలేవరకు ఆపమని మీ భర్తను కోరండి. పంపినా సరే, సెలవులకు వచ్చినప్పుడు పాప అడిగే మొదటి సంగతి ఆ మంద గురించే.

ఉత్తరం చివర, "నా వల్లే నాయనా జేజినాయనా పోట్లాడుకుంటున్నారా?" అని పాప మిమ్మల్ని రాత్రి అడిగిందని, కాదని చెప్పి నిద్రపుచ్చానని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అన్నిటికంటే తొందరగా చూడవలసింది అదే. చూపు లేని పిల్లకు మొహాలు కనపడవు కాబట్టి, ఇంట్లో మాట్లాడకపోవడం ఆమెకు మన కంటే గట్టిగా వినిపిస్తుంది. మీరు చెప్పిన జవాబు చాలదు. మీ భర్త, మీ మామగారు ఇద్దరూ ఆమె వినేలా ఒకరితో ఒకరు మాట్లాడాలి, అది జీవాలకు నీళ్లు పెట్టారా అన్న మాట అయినా ఫరవాలేదు. ఆ తర్వాత నాయనే పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు పడినందుకు నాకు భయం వేసింది, నీ మీద కోపం లేదు, మీ జేజినాయన మీద కూడా లేదు" అని చెప్పాలి. ఈ మాట మీరు ఆయన తరఫున చెప్పవద్దు. ఆయన గొంతుతోనే ఆమె వినాలి.